రిజిస్టరులో లేని చెవి

చెవి మిషను అనే వస్తువును మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు దాన్ని తలకిందులుగా పట్టుకున్నాను. మా హెడ్ గుమాస్తా గారు దాన్ని వాసన చూశారు. కాబట్టి ఇందులో మేధావులెవరూ లేరని ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. ఇప్పుడు కొత్తగా ప్రభుత్వ ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు మా తరం వాళ్ళని చూసి, "మీ రోజుల్లో అంతా పద్ధతిగా జరిగేదట కదండీ" అంటూ ఉంటారు. పద్ధతికేం, బోలెడుండేది. చిక్కంతా దాంతోనే వచ్చింది.

అరవైల చివరి రోజులు. అప్పటి శ్రీకాకుళం జిల్లాలో కొండల కిందున్న ఒక పంచాయతీ సమితి ఆఫీసులో నేను గుమాస్తాని. ఏ ఊరో చెప్పను. మాది రామతీర్థం పక్క పల్లె. ఉద్యోగంలో చేరి రెండేళ్ళు నిండలేదు, పర్మనెంటూ కాలేదు. అందువల్ల ఎవరు గట్టిగా దగ్గినా లేచి నిలబడేవాణ్ణి.

ఆ ఏడు జిల్లా ఆఫీసు నుంచి మాకొక చెక్కపెట్టె వచ్చింది. అవిటివాళ్ళకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే పరికరాలన్నమాట. పైన చంకకర్రలు, వాటి కింద కాళ్ళకు కట్టుకునే ఇనప పట్టీలు, అడుగున గడ్డిలో చుట్టిన ఒకే ఒక్క చెవి మిషను. చంకకర్రలన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి. తీసుకునేవాళ్ళు మాత్రం ఒకే ఎత్తులో లేరు. వడ్రంగిని పిలిపించి వరండాలోనే కోయించాం. ఒకరిద్దరికి ఎక్కువే కోశాం. ఆ పాపం వేరే.

చెవి మిషనంటే మీరిప్పుడు చూసే చిక్కుడు గింజంతది కాదు. రెండు అగ్గిపెట్టెలు పక్కపక్కన పెట్టినంత డబ్బా. లోపల పెన్సిలు బేటరీ, పైన తిప్పడానికి చిన్న మర, డబ్బాలోంచి బయలుదేరే తీగ, తీగ చివర చెవిలో పెట్టుకునే రబ్బరు బిళ్ళ. హెడ్ గుమాస్తా గారు డబ్బాను జేబులో వేసుకుని, బిళ్ళ చెవిలో పెట్టుకుని మర తిప్పారు. మరుక్షణం కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఒరే నాయనా! ఇందులో ఎవడో బట్టలుతుకుతన్నాడ్రా!" అన్నారు.

ఆయన చొక్కా డబ్బాకు రాసుకుంటున్న చప్పుడది. ఆ సంగతి తెలుసుకోవడానికి మాకు ఒక పూట పట్టింది.

సమితి మొత్తానికీ వచ్చింది ఒక్క మిషను కదా, అది ఎవరికివ్వాలన్నది పైనే తేలిపోయింది. ఒక పంచాయతీ ప్రెసిడెంటు గారి తండ్రికి. మంచి రైతు కుటుంబం, డెబ్భై దాటిన పెద్దాయన. డాక్టరు సర్టిఫికెట్టు, ఆర్డరు, అన్నీ సక్రమంగా ఉన్నాయి. బండి కట్టించుకుని వచ్చి, రిజిస్టరులో వేలిముద్ర వేసి, మిషను పెట్టుకుని వెళ్ళారు. మూడో రోజు మళ్ళీ అదే బండిలో వచ్చి దాన్ని నా బల్ల మీద పడేశారు.

"బాబూ, ఇరవై ఏళ్ళై మా కోడలి మాట నాకు ఇనబడనేదు. సుఖంగా ఉన్నాను. ఇప్పుడది ఇనిపించి నన్ను సంపేస్తారేటి?" అని, నేను నోరు తెరిచేలోగా బండెక్కేశారు.

మిషను వెనక్కి పంపుదామన్నాను. హెడ్ గుమాస్తా గారు నా వైపు జాలిగా చూశారు. అది తిరిగి జిల్లాకు వెళ్ళాలి, ఎందుకొద్దన్నాడో ఆయన రాసివ్వాలి, మరో మనిషిని పెద్దాసుపత్రికి పంపి చెవులు చూపించాలి, కొత్త పేరు, కొత్త ఆర్డరు. ఏడాదిలో తేలితే అదృష్టం. "వేలిముద్ర పడిపోనాది. పడ్డాది వెనక్కి రాదు. బీరువాలో పెట్టు" అన్నారు. అదీ మా పద్ధతి. రిజిస్టరులో వేలిముద్ర పడితే ఆఫీసు దృష్టిలో ఆ పని పూర్తయినట్టే. మిషను చెవిలో ఉందో, బీరువాలో ఉందో రిజిస్టరు అడగదు.

ఇక్కడ ఉప్పుచేపలాయన వస్తాడు. కావిడిలో ఉప్పుచేపల బుట్టలు పెట్టుకుని వారం వారం కొండ కింద సంతకు వెళ్ళే మనిషి. వెంట భార్య. దారిలో మా ఆఫీసు వరండాలో ఆగి మంచినీళ్ళు తాగి, కాసేపు భుజం ఆరబెట్టుకుని వెళ్ళేవారు. వాళ్ళు వెళ్ళిన గంట దాకా ఆఫీసంతా చేపల వాసన. ఆయనకు పద్దెనిమిదో ఏట జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. పెళ్ళి ఆ తరువాతే. మాట వచ్చు, కానీ తన మాట తనకు వినపడదు గనుక పక్కింటికి కూడా వినపడేలా అరిచేవాడు. మనం చెప్పేది సైగలతో తెలుసుకునేవాడు.

చంకకర్రలు పంచిన రోజు ఆయన వరండాలోనే ఉన్నాడు. అంతా చూసి నా దగ్గరికి వచ్చి చెవిలో వేలు పెట్టి చూపించి, "బాబూ, కాళ్ళే ఇస్తారేటి, సెవులు కూడా ఇస్తారేటి?" అని అరిచాడు. అందరూ నవ్వారు. లేవని చెయ్యి ఊపాను. పై వారం వచ్చి మళ్ళీ అడిగాడు. ఆ పై వారమూ అడిగాడు. అప్పటికి మిషను బీరువాలో పడి ఉంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఆ రోజు అది బీరువా మీదికి మళ్ళింది. హెడ్ గుమాస్తా గారు భోజనానికి వెళ్ళగానే తాళం తీసి మిషను బయటికి తెచ్చి, ఆయన్ని వరండా మూలకు పిలిచి చెవిలో బిళ్ళ పెట్టాను. మర తిప్పాను. కళ్ళు ఇంతంత చేసుకుని రెండు చేతులతో స్తంభం పట్టుకున్నాడు. తరువాత ఏం మాట్లాడుకున్నామో నాకు సరిగా జ్ఞాపకం ఉండలేదు. హెడ్ గుమాస్తా గారు వచ్చేస్తారేమోనని నా చూపంతా గేటు మీదే ఉంది. కాగితం లేదు, సంతకం లేదు. ఉన్న వేలిముద్రేమో ఇంకొకరిది.

అది మంచిపనో వెధవపనో నాకప్పుడు తెలియలేదు. ఇప్పటికీ తేలలేదు.

ఆయన చొక్కా వేసుకునేవాడు కాదు, జేబు లేదు. భార్య పాత చీర ముక్కతో చిన్న సంచీ కుట్టి మెడలో వేసింది. సంతలో జనం ఇదేటని లాగి చూస్తున్నారని, సంచీ కనపడకుండా తుండు కప్పుకుని, తీగను తలపాగాలోంచి చెవికి తెచ్చుకునేవాడు. బేటరీలు నేనే తెచ్చి ఇచ్చేవాణ్ణి. ఒకసారి వరండాలో కూర్చుని, "ఇన్నాళ్ళూ సంతలో నన్ను అందరూ సెవిటోడా అనే పిలుస్తన్నారు బాబూ. నాకు పేరుండగా!" అని పడీపడీ నవ్వాడు. అప్పటికే అరుపు తగ్గి మామూలుగా మాట్లాడుతున్నాడు.

ఆ తరువాత కొండల్లో నక్సలైట్ల గొడవలు ముదిరాయి. ఎక్కడ చూసినా పోలీసు క్యాంపులు, దారి పొడుగునా సోదాలు. పగలు పలకరించిన మనిషి ఎవరి మనిషో తెలియక పలకరించడమే మానేశారు జనం. మా ఆఫీసులోనూ అంతే. ఫలానా ఊరికి టూరు వెళ్ళాలంటే అందరికీ ఒక్కసారే కడుపునొప్పి వచ్చేది.

ఒకరోజు పొద్దున్నే క్యాంపు నుంచి కానిస్టేబులు ఒకాయన వచ్చి, గుడ్డలో చుట్టినది బల్ల మీద పెట్టి విప్పాడు. చీర ముక్క సంచీ, డబ్బా, తీగ.

ఆయన చెప్పింది ఇదీ. ముందురోజు సంత దారిలో ఒకణ్ణి ఆపారు. ఆగమంటే వెంటనే ఆగలేదు. నిన్నేరా అని అరిస్తే ఇటు తిరిగి గబుక్కున తుండు కిందికి చెయ్యి పోనిచ్చాడు. నలుగురూ మీద పడ్డారు. తుండు తీస్తే డబ్బా, తీగ. కొండ మీది వాళ్ళతో మాట్లాడే వైర్‌లెస్ సెట్టేమోనని పట్టుకెళ్ళారు. డబ్బా మీద ప్రభుత్వ ముద్ర, నంబరు ఉన్నాయి గనుక ఎక్కడిదో కనుక్కోమని ఎస్సై గారు పంపారు.

తుండు కిందికి చెయ్యి ఎందుకు పోనిచ్చాడో నాకు తెలుసు. సరిగా వినపడకపోతే మర తిప్పుకోమని నేర్పింది నేనే.

హెడ్ గుమాస్తా గారు రిజిస్టరు తీశారు. నంబరు కలిసింది. ఎదురుగా ప్రెసిడెంటు గారి తండ్రి పేరు, వేలిముద్ర. "ఆయన దగ్గరుండవలసిన వస్తువండీ ఇది" అన్నారు. కానిస్టేబులు రాసుకున్నాడు. డబ్బా ఇదే ఇదే అని ఇద్దరూ అనుకుంటున్నారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. ఇప్పుడు ఎంత సిగ్గుపడి రాసినా ఆ మాట మారదు. ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి. కొండల వైపు తిరిగే మనిషికి సర్కారు డబ్బా దొంగచాటుగా ఇచ్చిన గుమాస్తా అంటే ఆ రోజుల్లో ఏమని అర్థం చేసుకుంటారో అన్న భయం రెండోది.

కానిస్టేబులు డబ్బాను మళ్ళీ గుడ్డలో చుట్టుకుని వెళ్ళాక హెడ్ గుమాస్తా గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "బీరువాలో వస్తువు ఎలగ బయటికెల్లిందో నేను అడగనోయ్. అడిగితే నువ్వు సెప్తావు. సెప్తే నేను రాయాలి" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. అది ఆయనకు తెలిసిన సాయం.

సాయంత్రానికి ఇంకో కబురొచ్చింది. పోలీసులు ప్రెసిడెంటు గారింటికి వెళ్ళారట. ఆయన, "మా నాయన వస్తువది, ఇంట్లోంచి ఎవడో దొంగిలించుంటాడు" అని సులువుగా చేతులు దులుపుకున్నారట. పెద్దాయన ఏదో చెప్పబోతే లోపలికి పంపేశారట. ఇక ఉప్పుచేపలాయన దొంగైనా కావాలి, లేదా అంతకంటే పెద్దదైనా కావాలి. పెద్దదైతే ఏమవుతుందో మా ప్రాంతంలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

అయినా నా పేరు ఎందుకు బయటికి రాలేదా అని ఇంటి దగ్గర బుర్ర బద్దలుకొట్టుకున్నాను. మిషను లాగేసుకున్నారు, వాళ్ళడిగేది పాపం ఆయనకు వినపడటం లేదు, అందుకే చెప్పలేకపోతున్నాడు అని సమాధానపడ్డాను. నిజం చెప్పాలంటే, కాస్త ఊపిరి కూడా పీల్చుకున్నాను.

మర్నాడు ఆఫీసు తెరిచేసరికి వరండాలో ఆయన భార్య ఉంది. తిడుతుందనుకున్నాను. కాళ్ళ మీద పడుతుందనుకున్నాను. ఆవిడ కొంగు ముడి విప్పి రెండు పెన్సిలు బేటరీలు నా చేతిలో పెట్టింది.

"మా యింటాయన ఏటడిగినా మాటాడతన్నాడు కాదంట బాబూ. బేటరీ అయిపోనాదేమో. మీరెల్లి ఈటిని ఏసెయ్యండి. ఇనబడితే ఆయనే సెప్పేస్తాడు, ఒగ్గెస్తారు" అంది.

అంతే. ఆవిడకు సంగతంతా బేటరీలోనే ఉంది. నేను ఆ బేటరీలు పట్టుకుని తిన్నగా బీడీవో గారి గదిలోకి వెళ్ళి, చెప్పవలసినది చెప్పేశాను. ఆయన చాలాసేపు పేపరు వెయిటును గుండ్రంగా తిప్పారు.

"ఏ రూలు ప్రకారం ఇచ్చావు?"

"రూలు లేదండి."

"మరి ఏ రూలు ప్రకారం ఇప్పుడు చెబుతున్నావు?"

"దానికీ లేదండి."

"నువ్వు రాసిస్తే నిన్ను నేను కాపాడలేను. రాయకపోతే వాణ్ణి ఎవరూ కాపాడలేరు. ఏం చెయ్యమంటావు నన్ను?" అన్నారు. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. నాకూ కాలేదు. చివరికి, "రెండు కాపీలు రాయి. ఒకటి నా బల్ల మీద పెట్టు, నేనింకా చూడలేదనుకో. రెండోది పట్టుకుని క్యాంపుకు వెళ్ళు. వెళ్ళేముందు సెలవు చీటీ రాసి మరీ వెళ్ళు" అన్నారు.

నేనూ ఆవిడా బస్సులో వెళ్ళాం. దిగాక రెండు మైళ్ళు నడక. క్యాంపు ఒక బడిలో పెట్టారు. ఆవిణ్ణి గేటు దగ్గరే ఆపేశారు.

ఎస్సై గారు నా కాగితం చదివారు. మళ్ళీ మొదటి నుంచీ చదివారు. మనిషిని తెమ్మన్నారు. ఉప్పుచేపలాయన వచ్చాడు. పెదవి చిట్లి ఉంది, ఎడమ కాలు ఈడుస్తున్నాడు. నన్ను చూసి గుర్తుపట్టనట్టు నేల చూశాడు. నేను తలదించుకుని, ఎస్సై గారి బల్ల మీదున్న డబ్బాలో కొత్త బేటరీ వేసి, సంచీ ఆయన మెడలో వేసి, చెవిలో బిళ్ళ పెట్టాను.

"వినపడక చెప్పలేదండీ" అన్నాను ఎస్సై గారితో.

"వినపడకేం? సైగ చేస్తే అన్నీ తెలుస్తున్నాయి వీడికి. డబ్బా చూపించి, సమితి ఆఫీసు వైపు చెయ్యి చూపించి అడిగాం. కాదని తల అడ్డంగా ఊపాడు. పది సార్లు అడిగితే పది సార్లూ ఊపాడు" అన్నారాయన. తరువాత డబ్బా వైపు వంగి, "ఇది నీకెవరిచ్చార్రా?" అని అడిగారు.

"ఎవరివ్వనేదు బాబూ. దారిలో దొరికినాది."

నేను తెల్లబోయాను. "కాదండీ, నేనే ఇచ్చాను" అన్నాను.

"దొరికినాది బాబూ. సంత దారిలో" అన్నాడాయన మళ్ళీ.

ఎస్సై గారు కాగితం బల్ల మీద కొట్టారు. "ఏంటయ్యా ఈ గోల! ఎక్కడైనా పట్టుబడ్డవాడు ఫలానావాడిచ్చాడంటాడు, ఫలానావాడు నాకేం తెలీదంటాడు. మీ ఇద్దరూ తిరగేసి చెబుతున్నారేమిటి? ఎవరికి పిచ్చి?"

నాకే అయి ఉంటుందనిపించింది. ఉప్పుచేపలాయన దగ్గరికి వెళ్ళి సంచీ మీదికి వంగి, "నిజం చెప్పు. నేనిచ్చానని చెప్పు. నీకేం కాదు" అన్నాను.

ఆయన నా మొహంలోకి అయోమయంగా చూశాడు. ఎస్సై గారికి వినపడకూడదన్నట్టు గొంతు బాగా తగ్గించి, "సెప్పొద్దన్నారు కద బాబూ?" అన్నాడు.

"ఎప్పుడు?"

"ఆ యేలే. సెవిలో బిళ్ళ ఎట్టి మర తిప్పినారు కదా. తిప్పగానే అన్నారు, నేనిచ్చానని ఎవరికీ సెప్పకు అని. పదారేళ్ళకి ఇనబడ్డ మాట బాబూ. అదెలగ మరిసిపోతాను?"

అప్పుడు గుర్తొచ్చింది. గేటు వైపు చూస్తూ, పళ్ళ బిగువున అన్న మాట. ఆయన పేరు అడగలేదు, వినపడుతోందా అని కూడా అనలేదు. పదహారేళ్ళు ఏ చప్పుడూ లేని మనిషి చెవిలో మొట్టమొదట నా పిరికితనాన్ని పోశాను. ఆయన దాన్ని రెండు రోజులు దెబ్బలు తింటూ కాపాడాడు. ఎస్సై గారి ముందే ఏడ్చాను. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు.

ఆ మాట ఎస్సై గారికీ వినపడింది. డబ్బా తీసుకుని బిళ్ళ తన చెవిలో పెట్టుకుని చూసి, ఇచ్చేశారు. నా కాగితం వెనకాల నాలుగు ముక్కలు రాసి, "ఇది ఎవరి చెవో మీ సమితివాళ్ళు తేల్చుకోండి. నా క్యాంపులో మాత్రం వద్దు. తీసుకుపో మనిషిని" అన్నారు.

సమితివాళ్ళం తేల్చలేదు. నాకు మెమో వచ్చింది, పర్మనెంటు ఏడాది ఆలస్యమైంది, నరసన్నపేట దగ్గరికి బదిలీ చేశారు. మిషను మాత్రం ఉప్పుచేపలాయన దగ్గరే ఉండిపోయింది, ఎందుకంటే తీసుకోవాలంటే రాయాలి. రిజిస్టరు ప్రకారం ప్రెసిడెంటు గారి తండ్రి చివరిదాకా చక్కగా వింటూనే పోయారు. ఇప్పుడు మీ చేతుల మీదుగా ఇలాంటివి వందలు పంపిణీ అవుతాయి. ఫోటోలు తీసుకుంటారు, బాగుంది. ఇచ్చేటప్పుడు ఏం మాట్లాడుతున్నారో కాస్త చూసుకోండి. ఇంతకంటే సలహా చెప్పే అర్హత నాకు లేదు.

ఆ రోజు క్యాంపులోంచి ఉప్పుచేపలాయనా నేనూ గేటు దాకా వచ్చాం. ఆయన కుంటుతున్నాడు, నేను చెయ్యి పట్టుకున్నాను. నన్ను క్షమించమని ఆ చెవిలో చెప్పాలనుకున్నాను. అంతలోనే గేటు వచ్చేసింది. ఆయన భార్య ఎదురొచ్చింది. చిట్లిన పెదవి చూసింది, ఏడవలేదు. మెడలో సంచీ సరిగా సర్ది, దాని దగ్గరకు వంగి, "ఏటైనా తిన్నావేటి?" అని అడిగింది.

"నేదే" అన్నాడాయన.

నేను మర తిప్పిన రోజు ఆవిడ వరండా మెట్ల మీదే, పిలిస్తే పలికేంత దూరంలో కూర్చుని ఉంది. నాకు పిలవాలని తోచలేదు.